తూటా తగలని చావు

సైన్యం విడుదల చేసిన జాబితాలో ఆ వరస ఇలా ఉంది: సిపాయి ముష్తాక్ అహ్మద్ ఎస్., పార్నపల్లె గ్రామం, కర్నూలు జిల్లా.

మొత్తం పది పేర్లు, సియాచిన్ మంచులో కూరుకుపోయినవాళ్ళవి. మిగతా తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది కర్ణాటక, తమిళనాడు, కేరళవాళ్ళు. ఒకడు మహారాష్ట్ర సతారా జిల్లావాడు. తెలుగు నేల నుంచి ఉన్నది ముష్తాక్ ఒక్కడే. 2016 ఫిబ్రవరిలో ఆ జాబితా వచ్చిన వారం పదిరోజులు దేశమంతా సియాచిన్ మాటే మాట్లాడింది. ఆ తర్వాత ఒక్క పేరు గుర్తుంచుకుని, తొమ్మిది పేర్లు మరిచిపోయింది. మరిచిపోయిన తొమ్మిదిలో మనవాడున్నాడు.

పార్నపల్లె బండి ఆత్మకూరు మండలంలోని ఊరు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. నంద్యాల దాటి ఉత్తరంగా పోతుంటే తూర్పు పక్క నల్లమల కొండలు మనతోపాటే వస్తుంటాయి. ఓంకారం గుడికి పోయేవాళ్ళకు ఆ దారి బాగా తెలుసు. నల్లరేగడి నేల, కాలవ నీళ్ళు, వరి మళ్ళు. ఎండాకాలంలో రాష్ట్రంలో ఎక్కువ ఎండ ఎక్కడ కాసిందో వార్తల్లో చెప్పేటప్పుడు నంద్యాల పేరు తరచూ ముందు వరసలోనే ఉంటుంది. 45 డిగ్రీలు మాకు వింత కాదు. వడదెబ్బకు మనిషి పోతాడని ఇక్కడ బడికి పోయే పిల్లవాడికీ తెలుసు. మంచు మనిషిని చంపుతుందంటే మాత్రం పెద్దవాళ్ళకూ ఒక పట్టాన నమ్మకం కుదరదు. మంచంటే మాకు చలికాలం పొద్దున పైరు మీద కనబడి, ఎండ రాగానే పోయే తడి.

అలాంటి నేల మనిషి 19,600 అడుగుల ఎత్తున, రాత్రిపూట సున్నాకు కింద 40 డిగ్రీలు దాటే చోట కాపలా ఉన్నాడు. సియాచిన్ మంచునది ప్రాంతంలోని ఆ పోస్టు పేరు సోనమ్. ఆ చలికాలం దాని కాపలా మద్రాస్ రెజిమెంట్ 19వ బెటాలియన్ వంతు.

"యుద్ధమే లేదు కదప్పా, మరి ఎట్ల సచ్చిపోయినాడు?" సియాచిన్ మాట వస్తే మా వైపు టీ బంకుల దగ్గర ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది. అడిగేవాళ్ళ తప్పు లేదు. భారత్, పాకిస్తాన్‌ల మధ్య 2003 నవంబరులో కాల్పుల విరమణ కుదిరింది. ఆ తర్వాత ఆ మంచునది మీద తుపాకులు దాదాపు మూగబోయాయి. చావులు మాత్రం ఆగలేదు. మన సైన్యం 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్‌తో అక్కడికి ఎక్కింది. అప్పటినుంచి 2015 డిసెంబరు దాకా వాతావరణంవల్ల, ఇతర కారణాలవల్ల అక్కడ 869 మంది చనిపోయారని ప్రభుత్వం పార్లమెంటుకు లెక్క చెప్పింది. అందులో అధికారులు 33 మంది, జూనియర్ కమిషన్డ్ అధికారులు (జేసీవోలు) 54 మంది, మిగతా 782 మంది మామూలు జవాన్లు. ఆ లెక్క చెప్పి రెండు నెలలు తిరగకముందే ఈ పదిమంది.

సియాచిన్‌కు వెళ్ళే దారి ఏ జవానుకైనా ఒకటే. కాబట్టి ముష్తాక్ ఎలా వెళ్ళి ఉంటాడో చెప్పడానికి పెద్దగా ఊహించాల్సిన పని లేదు.

మద్రాస్ రెజిమెంట్ 1758 నాటిది. కేంద్రం నీలగిరుల్లో ఉన్న వెల్లింగ్టన్. కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల కుర్రాళ్ళు అక్కడికి రాగానే మొదట వణికేది ఊటీ చలికి. అదే పెద్ద చలి అనుకుంటారు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే నంద్యాల ముస్లిం కుర్రాడికి అక్కడ హిందీ కష్టం కాదు, తోటివాళ్ళ తమిళం, మలయాళం కూడా తొందరగానే చెవిన పడతాయి. "వీర మద్రాసి, అడి కొల్లు, అడి కొల్లు" అని గొంతు చించుకుని అరవడం నేర్చుకుంటారు. ఆ కేక శత్రువు మీదికి దూకేటప్పుడు పనికొస్తుంది. మంచు ముందు దానితో పని లేదు.

పై పోస్టులకు ఎక్కే ముందు ఒంటిని ఎత్తుకు అలవాటు చేయాలి. అది మూడు దఫాలుగా జరుగుతుంది. 9,000 అడుగుల పైన ఆరు రోజులు, 12,000 పైన నాలుగు రోజులు, 15,000 పైన ఇంకో నాలుగు రోజులు. మొదటి రెండు రోజులు ఏ పనీ చెప్పరు, పడుకోమంటారు. పల్లెటూరి కుర్రాడికి ఇది విచిత్రంగా ఉంటుంది. పొలంలో పొద్దంతా పని చేసిన ఒళ్ళు, పరుగు పందెంలో గెలిచి ఉద్యోగం తెచ్చుకున్న కాళ్ళు, వాటిని పట్టుకుని పడుకోమంటారేమిటి? అసలు ప్రమాదం అలాంటి ధీమాతోనే. బలం ఉందని మొదటి రోజే బరువులెత్తినవాడు మూడో రోజుకు ఆసుపత్రిలో ఉంటాడు.

బేస్ క్యాంపులో ఓపీ బాబా మందిరం ఉంది. 1980ల్లో ఒంటరిగా పోస్టు కాపాడి కనబడకుండా పోయిన ఓం ప్రకాశ్ అనే సైనికుడి పేరు మీద వెలసిన మందిరం అది. పైకి వెళ్ళే ప్రతి బృందమూ, ఏ మతంవాళ్ళున్నా సరే, ఆ మందిరం ముందు నిలబడి పై అధికారికి చెప్పినట్టే బాబాకు చెబుతుంది: ఇంతమందిమి పైకి వెళ్తున్నాం. దిగి వచ్చాక మళ్ళీ వచ్చి చెప్పాలి: ఇంతమందిమి తిరిగొచ్చాం. గురుద్వారాలో, దర్గాలో మొక్కుకున్నట్టు ఉండదు ఇది. హాజరుపట్టీ లాగా ఉంటుంది.

అక్కడినుంచి నడక. ఒకే తాడుకు నడుములు కట్టుకుని వరసగా నడుస్తారు, మంచు పగుల్లో ఒకడు పడితే మిగతావాళ్ళు లాగడానికి. ఎండ ఎక్కితే మంచు మెత్తబడుతుంది కాబట్టి ఎక్కువగా రాత్రిపూటే, తెల్లవారుజామునే నడక. సోనమ్ ఎత్తుకు చేరేసరికి మనం నంద్యాలలో పీల్చే గాలిలో ఉండే ఆక్సిజన్‌లో సగం కూడా అందదు. బూటు లేసు కట్టుకుంటే ఆయాసం వస్తుంది. 18,000 అడుగులు దాటాక మనిషి ఒళ్ళు ఎన్నాళ్ళున్నా పూర్తిగా అలవాటు పడదు, రోజురోజుకూ అరిగిపోతుంది. అందుకే మూడు నెలలకు మించి పై పోస్టుల్లో ఉంచరు. ఆకలి చచ్చిపోతుంది. నిద్ర పట్టదు. కిలోలకు కిలోలు బరువు తగ్గుతారు. మతిమరుపు వస్తుంది.

తిండి హెలికాప్టర్‌లో వస్తుంది. చీతా హెలికాప్టర్ ఆ పలచని గాలిలో ఎక్కువసేపు నిలవలేదు, క్షణాల్లో సరుకు దించి వెళ్ళిపోతుంది. దించిన కమలాపండు రాయిలా గడ్డకట్టి ఉంటుంది, కోడిగుడ్డును సుత్తితో కొట్టాలి. నీళ్ళు కావాలంటే మంచు కరిగించాలి. అందుకు కిరోసిన్ స్టవ్ రాత్రింబగళ్ళు మండుతూనే ఉంటుంది. ఆ పొగ గుడిసెలోనే తిరుగుతుంటుంది, దగ్గితే కళ్ళె నల్లగా వస్తుంది. ఉత్త చేత్తో తుపాకీ ముట్టుకుంటే చర్మం ఇనుముకు అతుక్కుపోతుంది.

ఇంకా హేపో ఉంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరే ఈ ఎత్తు జబ్బును జవాన్లు ఆ పేరుతోనే పిలుస్తారు. పొడిదగ్గుతో మొదలవుతుంది. కూర్చున్నా ఆయాసం తగ్గదు. పెదాలు నీలం తిరుగుతాయి. ఛాతీకి చెవి ఆనిస్తే లోపల గరగర వినిపిస్తుంది. ఆ తర్వాత నోట్లో ఎర్రటి నురగ. సకాలంలో కిందికి దించకపోతే గంటల్లో ప్రాణం పోతుంది. మందు ఏమిటంటే కిందికి దించడమే. ఆక్సిజన్ పెట్టి, గాలి ఒత్తిడి పెంచే సంచిలో పడుకోబెట్టేది కూడా హెలికాప్టర్ వచ్చేదాకా ప్రాణం నిలపడానికే. తుపాను ఉంటే హెలికాప్టర్ రాదు. సోనమ్‌లో ఉన్న పదిమందిలో సతారావాడు సునీల్ సూర్యవంశీ నర్సింగ్ అసిస్టెంట్. పదిమంది ఉన్న పోస్టుకు ఒక నర్సింగ్ అసిస్టెంటును ఇచ్చారంటే అక్కడి అసలు శత్రువు ఎవరో సైన్యానికి తెలుసు.

ఈ తెలివిడి ఊరికే రాలేదు. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మైదానాల్లో ఉన్న పటాలాలను ఉన్నపళంగా కొండల మీదికి తోలారు. నూలు దుస్తులు, కాన్వాసు బూట్లు. ఎత్తుకు అలవాటు పడే వ్యవధి అసలే లేదు. ఆయాసంతో, నురగతో వచ్చిన జవాన్లను చూసి చాలాచోట్ల న్యుమోనియా అనుకున్నారు. అమెరికా వైద్యుడు చార్లెస్ హూస్టన్ ఇది న్యుమోనియా కాదని, ఎత్తువల్ల వచ్చే వేరే జబ్బని 1960లోనే రాశాడు గానీ ఆ మాట ఇంకా లోకానికి ఎక్కలేదు. తర్వాత మన సైనిక వైద్యుడు ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది జవాన్లను పరిశీలించి 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వివరాలు ప్రచురించారు. ప్రపంచంలో ఏ దేశపు పర్వతారోహకుడైనా ఇవాళ జాగ్రత్తగా ఆగి ఆగి ఎక్కుతున్నాడంటే అందులో మన జవాన్ల ఊపిరితిత్తుల పాలు ఉంది. 1962లో "న్యుమోనియా" అని రాసి ముగించిన కాగితాల్లో ఎన్ని ఈ జబ్బువో ఇప్పుడు తేల్చడానికి లేదు. యుద్ధంలో పోయారనీ అనిపించుకోలేదు వాళ్ళు, పోయిన జబ్బు పేరూ సరిగా రాయించుకోలేదు.

ఇక 2016 ఫిబ్రవరి 3, బుధవారం, తెల్లవారుజాము.

ఆ గుడిసెలో ఎవరు ఏం మాట్లాడుకున్నారని మాటలు కల్పించడం నాకు ఇష్టం లేదు. అలాంటి పోస్టులో రాత్రి ఎలా గడుస్తుందో మాత్రం చెప్పవచ్చు. ఒకరు బయట కాపలా, మిగతావాళ్ళు స్లీపింగ్ బ్యాగుల్లో. కాపలా వంతు గంటా రెండు గంటలకు మించదు, అంతకంటే ఎక్కువ నిలబడితే వేళ్ళు పోతాయి. వంతు ముగించుకుని లోపలికి వచ్చినవాడు బూట్లు విప్పి పాదాలు రుద్దుకుంటాడు. గుడిసె మీద పేరుకున్న మంచును ఎప్పటికప్పుడు పారలతో తీస్తుండాలి, లేకపోతే కప్పు దిగబడుతుంది. సుబేదార్ నగేశ పోస్టుకు పెద్ద. హవల్దార్ ఏలుమలై, లాన్స్ హవల్దార్ కుమార్, లాన్స్ నాయక్‌లు సుధీశ్, హనుమంతప్ప, సిపాయిలు మహేశ, గణేశన్, రామమూర్తి, ముష్తాక్, నర్సింగ్ అసిస్టెంట్ సూర్యవంశీ.

పైనున్న మంచుగోడ విరిగింది. కిలోమీటరు పొడవున విరిగిన ఆ పెళ్ళ నేరుగా పోస్టు మీద పడింది. పడిన మంచు మెత్తగా ఉండదు. పెద్ద పెద్ద బండలుగా పడి, ఒకదానికొకటి కరుచుకుని, కాంక్రీటు దిమ్మెలా బిగుసుకుంటుంది. పోస్టు ఉన్న చోట 25, 30 అడుగుల లోతున మంచు.

మరునాడే సైన్యం ఎవరైనా బతికి ఉండే అవకాశం చాలా తక్కువని ప్రకటించింది. ప్రధాని సంతాపం తెలిపారు. అయినా వెతుకులాట ఆపలేదు. దీన్ని నేను ప్రత్యేకంగా రాయదలచుకున్నాను. 150 మందికి పైగా జవాన్లు ఆ ఎత్తున, ఆ చలిలో, వంతులు వేసుకుని తవ్వారు. బండలు తొలిచే డ్రిల్లులు, కరెంటు రంపాలు, మంచు కింద ఉన్నది పసిగట్టే రాడార్లు హెలికాప్టర్‌లో విడివిడిగా తెచ్చి పైన కూర్చారు. డాట్, మిషా అనే రెండు కుక్కలు వాసన పట్టి చోట్లు చూపాయి. పగలే సున్నాకు కింద 25, రాత్రి ఇంకా కిందికి. అరగంట తవ్వితే మనిషి కూలబడిపోతాడు, ఇంకొకడు పార అందుకోవాలి. వాళ్ళు తవ్వుతున్నది శవాల కోసమని వాళ్ళకు తెలుసు.

ఫిబ్రవరి 8 రాత్రి ఒక శరీరం తగిలింది. నాడి చూస్తే కొట్టుకుంటోంది.

లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్, ధార్వాడ జిల్లా బెటదూరు. ఆరు రోజులు మంచు కింద ఉండి బతికాడు. మరునాడు ఢిల్లీ సైనిక ఆసుపత్రికి చేర్చారు. దేశం మొత్తం ఊపిరి బిగబట్టింది. గుళ్ళలో పూజలు, మసీదుల్లో దువాలు. కిడ్నీ ఇస్తామని ముందుకొచ్చినవాళ్ళున్నారు. ఆసుపత్రి బులెటిన్లు మాత్రం ఆశ పెట్టలేదు: న్యుమోనియా, దెబ్బతిన్న కాలేయం, మూత్రపిండాలు, పడిపోయిన రక్తపోటు. ఫిబ్రవరి 11 పగలు 11.45 గంటలకు ఆయన చనిపోయాడు. యుద్ధభూమి నుంచి వచ్చిన ఆ సైనికుడి ఒంటి మీద శత్రువు చేసిన గాయం లేదు. ఆయన చావు కాగితం మీద ఉన్నవన్నీ జబ్బుల పేర్లే.

ఆ రోజుల్లో పార్నపల్లె సంగతి ఆలోచించండి. మొదట పదిమందీ పోయారన్నారు. తర్వాత ఒకడు బతికాడన్నారు. ఏ ఒకడు? పేరు తెలిసేదాకా పది ఇళ్ళలో పది ఆశలు. పేరు తెలిశాక తొమ్మిది ఇళ్ళలో రెండోసారి చావు. దేశం హనుమంతప్ప కోసం ప్రార్థిస్తున్న మూడు రోజులూ ఈ తొమ్మిది ఇళ్ళవాళ్ళు శవాల కోసం ఎదురుచూస్తున్నారు. వాతావరణం బాగాలేక మృతదేహాలు పైనుంచి దిగనే లేదు. ఫిబ్రవరి 15న గానీ ఢిల్లీ పాలంలో వాటికి సైనిక వందనం జరగలేదు. మంచుచరియ విరిగింది 3న. చావు కబురు వచ్చి, మనిషి రాక, కడసారి చూపు లేక పన్నెండు రోజులు గడపడం ఎలా ఉంటుందో ఇంట్లో చావు చూసిన ఎవరికైనా అర్థమవుతుంది. మా వైపు ముస్లింలలో ఆలస్యం చేయకుండా ఖననం చేయడం ఆనవాయితీ. ఆ ఇంటికి ఆ ఊరట కూడా లేకపోయింది.

చివరికి ముష్తాక్ సొంతూరి మట్టిలోకి చేరాడు. సైనిక లాంఛనాలు జరిగాయి, జెండా కప్పారు, తుపాకులు పేల్చారు. ఆ మర్యాదకు ఏ లోటూ రాలేదని నేను ఒప్పుకుంటాను. నా ఫిర్యాదు ఆ తర్వాతి సంగతి గురించి. నంద్యాల బస్టాండులో నిలబడి పదిమందిని అడగండి, సియాచిన్‌లో పోయిన మన జిల్లావాడి పేరేమిటని. హనుమంతప్ప పేరు చెబుతారేమో గానీ ముష్తాక్ పేరు చెప్పేవాళ్ళు ఎందరుంటారో నాకు అనుమానమే. ఇదే నేలలో 1847లో ఉరి తీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పసిపిల్లలకూ తెలుసు. తెలియాలి కూడా. ముఠా కక్షల్లో నరుక్కుని పోయినవాళ్ళ పేర్లు కూడా మా పెద్దలు తాత ముత్తాతల దాకా పొల్లుపోకుండా చెబుతారు. కత్తికో, తాడుకో, బాంబుకో పోతే చావుకు ఒక కథ ఉంటుంది. మంచుకో జ్వరానికో పోయినవాడికి కథ కుదరదు. చెప్పేవాడికి మధ్యలో శత్రువు దొరకడు.

ఇది ఈనాటి లోపం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మద్రాసు రాజధాని జిల్లాలనుంచి వేలమంది మెసపటేమియా వెళ్ళారు. ఇప్పటి ఇరాక్. 1916 ఏప్రిల్‌లో లొంగిపోయిన కూత్ పట్టణంలో 147 రోజుల ముట్టడిలో తిండి లేక, చిగుళ్ళు కుళ్ళే స్కర్వీ వచ్చి, రక్త విరేచనాలతో సిపాయిలు రాలిపోయారు. ఆ రంగంలో చనిపోయి, సమాధి దొరకని 40 వేలమందికి పైగా సైనికులకు బస్రాలో స్మారకం కట్టారు. దాని మీద బ్రిటిష్ సైనికుడికి పేరు చెక్కారు. మనవాళ్ళలో అధికారుల పేర్లు చెక్కి, మామూలు సిపాయిల దగ్గరికొచ్చేసరికి పటాలం పేరు రాసి, పక్కన ఇంతమంది అని అంకె వేశారు. పేర్లు లేవు. కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ 2021లో ఈ వివక్షను ఒప్పుకుంటూ నివేదిక ఇచ్చింది. ఎక్కువగా ఆఫ్రికా, మధ్యప్రాచ్యంవాళ్ళైన కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో స్మారకం లేదని, కొందరికి అసలు స్మారకమే లేదని అందులో రాసింది. బ్రిటిష్ ప్రభుత్వం పార్లమెంటులో క్షమాపణ చెప్పింది. నూరేళ్ళు పట్టింది.

రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా సరిహద్దు సంగతీ ఇంతే. 1943లో గాయపడి వెనక్కి వచ్చిన ఒక్కో సైనికుడికి జబ్బుపడి వచ్చినవాళ్ళు 120 మంది ఉన్నారని అక్కడి సేనను నడిపిన జనరల్ స్లిమ్ తన పుస్తకంలో రాశాడు. ఎక్కువ భాగం మలేరియా, విరేచనాలు, చర్మవ్యాధులు, టైఫస్ జ్వరాలు. పశ్చిమ గోదావరి మాధవరానికి సైనికుల ఊరని పేరుంది. అక్కడ ఇంటింటా పటాలం కథలుంటాయి. సీమలో అంత పేరున్న ఊరు లేదు గానీ, పాత ట్రంకు పెట్టెల అడుగున ఇత్తడి పతకం, చెదలు తిన్న డిశ్చార్జి పుస్తకం ఉన్న ఇళ్ళు మా వైపు కూడా ఉన్నాయి. "తాత రంగూన్‌లో జ్వరమొచ్చి పోయినాడంట" అన్నంతవరకే చెబుతారు. జ్వరమే కదా అని వదిలేశారు.

వదిలేసేది జనం మాత్రమే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. కాగితంలోనూ రెండు గళ్ళున్నాయి. సైన్యంలో చనిపోయినవాడిని బ్యాటిల్ క్యాజువాల్టీ అని రాస్తారు, లేదా ఫిజికల్ క్యాజువాల్టీ అని రాస్తారు. మొదటి గడిలో పేరు పడితే భార్యకు సైనికుడు చివరగా తీసుకున్న జీతంతో సమానమైన ఉదార కుటుంబ పింఛను రావచ్చు. రెండో గడిలో పడితే, చావుకు ఉద్యోగమే కారణమని తేలినా వచ్చేది 60 శాతం. జీవితాంతం తేడా. నిబంధనల ప్రకారం యుద్ధ సన్నద్ధతలో ఉన్న సరిహద్దుల్లో, ఎత్తైన చోట్ల, వాతావరణంవల్ల పోయినా మొదటి గడిలోనే రాయాలి. కానీ రాసే చేయి ఒక్కోసారి వెనకాడుతుంది.

జమ్మూ కశ్మీర్ నియంత్రణ రేఖ దగ్గర 2013 జనవరిలో ఒక నాయక్ గస్తీలో ఉండగా ఊపిరాడక కూలిపోయాడు. వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేదు, మోసుకుని దించేసరికి గుండె ఆగింది. మొదట బ్యాటిల్ క్యాజువాల్టీ అని రాసి, తర్వాత దాన్ని కొట్టి ఫిజికల్ క్యాజువాల్టీ అని మార్చారు. భార్య సాయుధ దళాల ట్రైబ్యునల్‌కు వెళ్ళింది. 2019లో ఆమె గెలిచింది. కేంద్రం ఊరుకోలేదు, సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2024 డిసెంబరు 3న సుప్రీంకోర్టు ఆ అప్పీలును కొట్టేసి, సైనికుడి భార్యను కోర్టుకు ఈడ్చి ఉండకూడదని చెప్పి, ఆమెకు 50,000 రూపాయల ఖర్చులు ఇమ్మంది. భర్త పోయిన దాదాపు పన్నెండేళ్ళకు, ఆయన చచ్చింది దేశం కోసమేనని ఆమె చేత కాగితం మీద రుజువు చేయించారు.

కాగితం సంగతి అది. ఇక రాతి సంగతి. నంద్యాల నుంచి కడప వైపు జాతీయ రహదారి మీద నలభై కిలోమీటర్లు పోతే ఆళ్లగడ్డ. అహోబిలం వెళ్ళేవాళ్ళు అక్కడ మలుపు తిరుగుతారు. ఆ ఊళ్ళో రోడ్డు పక్కన శిల్పుల షెడ్లలో ఉలి చప్పుడు పొద్దస్తమానం వినిపిస్తూనే ఉంటుంది. తెల్లటి రాతిపొడి అంటిన చేతులు దేవుళ్ళను చెక్కుతాయి, నాయకులను చెక్కుతాయి. అడిగినవాడు అడిగినది చెక్కిస్తాడు. సగం చెక్కిన నరసింహస్వామి పక్కనే ఏ పార్టీ నాయకుడో దండం పెడుతూ నిలబడి ఉంటాడు. ఆ షెడ్లలో అక్షరాలు చెక్కే నేర్పుకు కొదవ లేదు, చెక్కించమని అడిగేవాళ్ళకే కొదవ.

కాబట్టి అడుగుతున్నాను. నంద్యాల జిల్లాలో సైన్యంలో చేరి తిరిగి రాని ప్రతి ఒక్కడి పేరూ అతని సొంతూరి బడి గోడ మీద రాతిలో ఉండాలి. విగ్రహాలు అక్కర్లేదు, వాటి మీద కాకులు వాలతాయి. అడుగున్నర పలక చాలు. పేరు, పటాలం, ఎక్కడ, ఎప్పుడు. ఎలా పోయాడో కూడా రాయించండి, జ్వరమైతే జ్వరమని, మంచైతే మంచని. సర్పంచులు తలుచుకుంటే పంచాయతీ నిధులకు ఇది లెక్కలోకి వచ్చే ఖర్చు కాదు.

ఇంట్లో సైనికుణ్ణి పోగొట్టుకున్న అక్కలకు, అమ్మలకు ఇంకో మాట. మీ పింఛను కాగితం తీసి, చావు ఏ గడిలో రాశారో చదివించుకోండి. ఫిజికల్ అని ఉండి, ఆయన పోయింది సరిహద్దు డ్యూటీలోనో, ఎత్తైన కొండల మీదో అయితే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళి అడగండి. అక్కడ పని కాకపోతే ట్రైబ్యునల్ ఉంది. సుప్రీంకోర్టు తీర్పు మీ పక్షాన ఉంది.